జులపాలవారి దర్శనం

పెనుగొండ మొదలు పెద్దాపురం దాకా వ్యాపించిన మా యావత్తు బంధుకోటికీ, రాజమండ్రి మెయిన్ బజారు వర్తక ప్రముఖులకీ, మరీ ముఖ్యంగా పన్నెండో రోజు భోజనాల్లో నా పక్క విస్తరి ముందు కూర్చుని "ఆవిడంత భక్తురాలు మన వంశంలో మరొకరు లేరండి" అని గారె తుంచుతూ కళ్ళొత్తుకున్న పెద్దలకీ సాష్టాంగపడి చెప్పుకుంటున్న క్షమాపణ ఇది. కింద రాసింది చదివాక మీ మనసులు నొచ్చుకుంటే ఆ దోషం పూర్తిగా నాదే. నా వయసుది, నా చదువుది, నన్ను బీకాం పాస్ చేసి బజార్లోకి వదిలిన వారిది కూడా. ఇంతకన్నా వంగడం నా నడుముకి చేతకాదు. ఇక విషయానికి వస్తాను.

మా దొడ్డమ్మ పోయింది. మా అమ్మకి సొంత అక్క. కార్తీకం వెళ్ళిన వారంలో, పొద్దున్నే కాఫీ కలుపుకుని, మరీ వేడిగా ఉందని మూతపెట్టి, చల్లారేదాకా అని వాలుకుర్చీలో కూర్చుని, అలాగే. పెనుగొండ నుంచి వాళ్ళబ్బాయి, మా అన్నయ్య, ఫోన్ చేసి "అమ్మ వెళ్ళిపోయిందిరా" అన్నాడు. నేను కొట్లో కందిపప్పు బస్తాలు దింపిస్తున్నాను. "ఈసారి ఎక్కడికి?" అన్నాను. అన్నయ్య మళ్ళీ కాఫీ దగ్గర్నుంచి మొదలెట్టి చెప్పాడు. అప్పటికిగాని నాకు అర్థం కాలేదు.

అలా అడగడం నా తప్పు కాదని ఆవిడని ఎరిగినవాళ్ళు ఒప్పుకుంటారు. దొడ్డమ్మ వెళ్ళిపోవడం మా ఇళ్ళలో వార్త కాదు. పెదనాన్న పోయిన ఏడాది తిరక్కుండానే ఆవిడ యాత్రా బస్సెక్కింది. మరి దిగలేదనే చెప్పాలి. కాశీ, పూరీ, ద్వారక, ఊరి పేరు కూడా సరిగా పలకలేని కొండ మీది గుళ్ళు. ఎప్పుడూ కిటికీ సీటే. ఒళ్ళో ఇత్తడి మరచెంబు, కాళ్ళ దగ్గర జంతికల డబ్బా. పక్కన కూర్చున్నది జడ్జిగారైనా సరే, రైలు ప్లాట్‌ఫారం దాటేలోగా ఆయన మోకాళ్ళ నొప్పి సంగతి ఆవిడకి తెలిసిపోయేది. చిన్నప్పుడెప్పుడో హిందీ పరీక్షలు ప్యాసైంది. ఆ హిందీకి గోదావరి జిల్లా మర్యాద తగిలించి మాట్లాడేది. "ట్రైన్ కబ్ ఆతా హై అండీ?" అంటే ఉత్తరాది పోర్టరు కూడా చేతులు కట్టుకుని జవాబు చెప్పేవాడు.

పన్నెండో రోజున అందరూ ఆవిడ కామాఖ్య యాత్రని తలుచుకున్నారు. "ఆ వయసులో, గౌహతి దాకా, ఒక్క కుర్రాణ్ణి తోడు తీసుకుని, మొక్కు తీర్చుకొచ్చింది" అన్నారు. ఆ కుర్రాణ్ణి నేనే. మొక్కు సంగతి నేను చెబుతాను.

కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతున్నాను. మా వీధిలో ఒకాయనకి మిలిటరీలో ఉద్యోగం, షిల్లాంగులో ఉండేవాడు. సెలవుకి వస్తూ ఒక క్యాసెట్టు తెచ్చాడు. ఆ ఊరి కుర్రాళ్ళు నలుగురు పాడిన రాక్ పాటలు. దాని అట్ట మీద నలుగురికీ భుజాల దాకా జులపాలు. ఆ క్యాసెట్టు విన్న రోజు నుంచీ నేను మనిషిని కాకుండా పోయానని మా నాన్న అభిప్రాయం. ఆయన అభిప్రాయాలు సాధారణంగా సరైనవే. టేపు సాగిపోయి పాట పశువు అరుపులా వినిపించేదాకా విన్నాను. సాగిపోయాక కూడా విన్నాను. ఆ నలుగురి పేరు ఇక్కడ రాయను. దొడ్డమ్మ దాన్ని ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు. ఆవిడకి వాళ్ళు "జులపాలవారు". అంతే గౌరవంగా నేనూ అలాగే అంటాను.

మరుసటి సెలవుకి వచ్చినప్పుడు ఆ మిలిటరీ ఆయన కబురు మోసుకొచ్చాడు. జులపాలవారు విడిపోతున్నారు. సొంత ఊళ్ళో, షిల్లాంగులో, ఫలానా శనివారం సాయంత్రం ఆరింటికి ఆఖరి కచేరీ. డ్రమ్ములు వాయించే ఆయన మిగతావాళ్ళ మీద అలిగాడట, వస్తాడో రాడో తెలీదట. ఆ తర్వాత ఇక వాళ్ళు కలిసి పాడరు.

ఇంట్లో అడిగాను. మా నాన్న అన్నం కలుపుతూనే తీర్పు చెప్పారు. "పాటల కోసం అస్సాం దాకానా? రేడియో తిప్పుకో. డిగ్రీ అవగానే కొట్లో కూర్చోవాలి, గుర్తుందా?" గుర్తుంది. గుర్తున్నందుకే అడిగాను. ఒకసారి కొట్లో కూర్చున్నవాడు మా వంశంలో లేచిన దాఖలా లేదు.

దొడ్డమ్మ ఆ వారం మా ఇంట్లోనే ఉంది. గిన్నెలోంచి మజ్జిగ వంచుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అంది: "మరిదిగారూ, నాకు కామాఖ్య మొక్కు ఒకటి ఉండిపోయిందండి. మావారు ఉన్నప్పటిది. ఎవరో ఒకరు తోడొస్తే వెళ్ళొద్దును."

అమ్మవారి పేరు ఎత్తాక మా నాన్న ఇంకేమంటారు!

ఆ సాయంత్రం డాబా మీద వడియాలు తీస్తూ నన్ను పిలిచింది. "నిజం చెప్పు. అక్కడికి వెళ్ళకపోతే నీకేమవుతుంది?"

"ఏమీ కాదు దొడ్డమ్మా."

"అయితే వెళ్ళాల్సిందే. ఏదో అయిపోతుందని భయపడి వెళ్ళేవాళ్ళు అన్నవరం మెట్ల మీద బోలెడుమంది ఉన్నారు. ఏమీ కాకపోయినా వెళ్ళాలనిపించిందంటే అదిరా యాత్ర."

"మరి నీ మొక్కు?"

"ఇందాక మజ్జిగ పోసుకుంటూ మొక్కుకున్నాను. కళ్ళు పోతాయి, అడక్కు."

అప్పుడే తన సంగతి కూడా చెప్పింది. ఆవిడకి పెళ్ళి కాని రోజుల్లో రాజమండ్రిలో ఒక గాయని కచేరీ పెట్టారట. వీధివీధినా ఆ గాయని పాటే. మా తాతగారు తీసుకెళ్తానన్నారు. చాకలి పంచె తెచ్చేదాకా కదల్లేదు. కొవ్వూరు రేవుకి వచ్చేసరికి ఆఖరి లాంచీ సగం గోదావరిలో ఉంది. "గట్టు మీద నిలబడితే అవతల దీపాలు కనిపిస్తున్నాయిరా. గాలి ఇటు తిరిగినప్పుడు చప్పట్లు వినపడ్డాయి. పాట వినపడలేదు." ఆ గాయని మరుసటి ఏడాదే పోయిందట. ఇంతే చెప్పి, వడియాల గుడ్డ దులిపి కిందికి దిగిపోయింది.

గౌహతి వెళ్ళే రైలు ఎక్కాం. మామూలుగా అయితే శుక్రవారం పొద్దున్నే దింపాలి. మాది ఒరిస్సాలో ఒకచోట, బెంగాల్లో ఒకచోట, పొలాల మధ్య ఏ కారణమూ లేకుండా ఆగింది. ఆగిన ప్రతిసారీ నేను లేచేవాణ్ణి. తలుపు దగ్గరికి వెళ్ళి సిగ్నలు చూసొచ్చేవాణ్ణి. దొడ్డమ్మ మాత్రం ఎదుటి సీటు బెంగాలీ ఆవిడకి సైగలతో చింతకాయ పచ్చడి ఎలా నూరాలో నేర్పుతోంది. "కూర్చోరా. నువ్వు నిలబడ్డావని ఇంజను సిగ్గుపడి పరిగెత్తదు" అంది. బ్రహ్మపుత్ర వంతెన మీదికి వచ్చాక మాత్రం మాట ఆపేసింది. కిటికీకి నుదురు ఆనించి ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టు దాకా చూసింది. "మన గోదావరంతా ఉంది" అంది. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, "దాటేశాం కదూ?" అంది.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక దిగాం. స్టేషను బయట షిల్లాంగు వెళ్ళే సుమోలు వరసగా ఉన్నాయి. డ్రైవర్లు "షిల్లాంగ్, షిల్లాంగ్" అని గొంతులు చించుకుంటున్నారు. ఇక్కడే, పాఠకులారా, మేము చరిత్రలో నిలిచిపోయే పని ఒకటి చేశాం.

టికెట్లిచ్చే అతని దగ్గరికి దొడ్డమ్మ వెళ్ళింది. నేను సామానుతో వెనక నిలబడ్డాను.

"కల్ షిల్లాంగ్ మే బ్యాండ్ హై క్యా అండీ?" రేపు అక్కడ బ్యాండు ఉందా అని.

అతను తల పెద్దగా ఊపాడు. "హా మాజీ, కల్ బంద్ హై. పూరా బంద్."

దొడ్డమ్మ గిరుక్కున నా వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది. "పూరా బ్యాండంటరా! డ్రమ్ములాయన కూడా వస్తున్నాడు!"

నా గుండె లాగుడుబండి దిగి పరిగెత్తింది. అతను ఇంకా చెబుతున్నాడు: "జానా హై తో ఆజ్ హీ జాయియే, మాజీ. ఆజ్ హీ." వెళ్తే ఈరోజే వెళ్ళండని. చేతులు జోడించి మరీ చెబుతున్నాడు.

ఇదే మాట వేరే కులవృత్తివాళ్ళకి చెప్పి ఉంటే వినేవారేమో. మేము తరతరాలుగా కొట్లో కూర్చుని, "ఈరోజే తీసుకోండి, రేపుంటుందో లేదో" అని అమ్మినవాళ్ళం. దొడ్డమ్మ నా చెవిలో, "సరుకు కదల్లేదురా పాపం, అందుకే బతిమాలుతున్నాడు. రేపు పొద్దున్న ఇతనే తగ్గించి ఎక్కించుకుంటాడు" అంది. నేను వ్యాపార రహస్యం ఎరిగినవాడిలా తలాడించాను. సుమో డ్రైవర్ల కేకలు దాటుకుని, మార్వాడీ సత్రంలో గది తీసుకుని, కొండెక్కి కామాఖ్య దర్శనం చేసుకున్నాం. కాబట్టి మొక్కు తీరిన మాట నిజమే. పెద్దలు గమనించగలరు.

బంద్ అనే మాట మాకు తెలియనిది కాదు. రాజమండ్రిలో బంద్ రోజున షట్టరు సగం దించి వెనక గుమ్మంలోంచి పప్పులమ్మిన కుటుంబం మాది. కాని ఆ పూట మా చెవులు ఒకే ఒక మాట కోసం అంతదూరం వచ్చి ఉన్నాయి. అదే వినిపించింది.

తెల్లారి బయటికొస్తే వీధిలో కుక్కలు తప్ప ఏమీ లేవు. సుమోలు లేవు, రిక్షాలు లేవు, టీ పొయ్యి లేదు. చౌరస్తాలో కాలిన టైరు పొగ. సత్రం మేనేజరు గొలుసు వేసిన గేటు వెనక నుంచి చెప్పాడు. ఇక్కణ్ణుంచి కొండ మొదలు దాకా సాయంత్రం ఆరింటి వరకూ ఒక్క బండి కదలదు. షిల్లాంగులో ఏ గొడవా లేదు, అక్కడికి చేరడమే కుదరదు. "నిన్ననే అందరూ వెళ్ళిపోయారు కదా! మీకెవరూ చెప్పలేదా? బంద్, మాజీ, బంద్."

"బ్యాండే కదండీ..." అంది దొడ్డమ్మ. సగంలో ఆగిపోయింది.

సరిగ్గా కచేరీ మొదలయ్యే వేళకి బంద్ అయిపోతుంది. ఆ తర్వాత మూడు గంటల కొండదారి. నేను ఆవిడ వైపు తిరిగి, "అంతా నీ హిందీ వల్ల" అన్నాను. పెద్దగా అనలేదు. నెమ్మదిగానే అన్నాను, అది ఇంకా అన్యాయం.

దొడ్డమ్మ పమిట చివర గుర్తు కోసం వేసుకున్న ముడి విప్పింది, మళ్ళీ వేసుకుంది.

అంతలో సత్రం వెనక పెరట్లోంచి బూర ఊదిన చప్పుడొచ్చింది. ఆవిడ తల అటు తిరిగింది. నన్ను పిలవకుండానే గబగబా నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను.

పెరట్లో ఒక పాత మినీ బస్సు. దాని చుట్టూ ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, చేతుల్లో ఇత్తడి బూరలు. పెళ్ళి బేండు మేళం! షిల్లాంగులో ఎవరో సేటు ఇంట్లో ఆ రాత్రి పెళ్ళి. పెళ్ళివారు ముందురోజే కొండెక్కేశారు. వీళ్ళు మాత్రం బస్సు అద్దం మీద పెళ్ళి బండి అని కాగితం అంటించుకుని, ఆ ధైర్యంతో బయల్దేరుతున్నారు. బంద్‌లో పెళ్ళి బళ్ళని వదులుతారని ఆశ.

దొడ్డమ్మ వెళ్ళి బేండు మాస్టారి ఎదురుగా నిలబడింది. ఆయన బీహారు మనిషి, నెరిసిన మీసాలు. ఆవిడ ఏం చెప్పిందో పూర్తిగా నాకు అందలేదు. "బచ్చా", "బ్యాండ్", "బహుత్ దూర్ అండీ" అనే ముక్కలు మాత్రం విన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తాళాలు వాయించేవాడు జ్వరంతో రాలేదట. వాడి ఎర్ర కోటు నాకు తొడిగారు. చేతులు అరచేతి దాకా పొడుగు. రాక్ సంగీతానికి జీవితం అంకితం చేసినవాణ్ణి, చేతిలో పెళ్ళి తాళాలతో బస్సెక్కాను.

"ఎవరైనా అడిగితే ఈ అమ్మ పెళ్ళికూతురి నానమ్మ" అన్నాడు మాస్టారు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. షిల్లాంగు రోడ్డు విడిపోయే చోట రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు కట్టి ఉంది. ఇరవై ముప్ఫైమంది కుర్రాళ్ళు, చేతుల్లో కర్రలు. అప్పటికే రెండు లారీలు, ఒక జీపు పక్కకి నెట్టి ఉన్నాయి, జీపు అద్దాలు లేవు. మా బస్సు ఆగేలోపే ఒక రాయి వచ్చి వెనకద్దానికి తగిలింది. అద్దం సాలెగూడులా చిట్లింది. మాస్టారు కిందికి దిగి కాగితం చూపించబోయాడు. దారిలో పట్టిన వానకి కాగితం మీద సిరా అంతా కారిపోయింది, నీలం మరక మిగిలింది.

"పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. ఆరయ్యాక వెళ్ళండి" అన్నాడు వాళ్ళ నాయకుడు. నా వయసే ఉంటుంది. మెడలో గళ్ళ గుడ్డ.

గంటలు గడిచాయి. వాన పెరిగింది. నేను వాచీ చూడ్డం మానేద్దామనుకుని చూస్తూనే ఉన్నాను. మూడు దాటింది. మాస్టారు కూడా గోళ్ళు కొరుక్కుంటున్నాడు, సాయంత్రం ఊరేగింపుకి మేళం లేకపోతే ఆయన పరువూ పోతుంది. దొడ్డమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ నాతో మాట్లాడలేదు. హఠాత్తుగా అంది:

"నా హిందీ బానే ఉందిరా. వినడమే రాలేదు."

నేను ఏదో అనబోయాను. ఆవిడ అప్పటికే లేచింది. "ఇది మనకి తెలిసిందే కదూ. తలుపు దగ్గర ఆపారు. పాట పాడితే వదలాలి."

మా వైపు పెళ్ళయ్యాక కొత్త జంట ఇంట్లో అడుగుపెట్టబోతే ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడతారు. తలుపు దగ్గరి పాటలు పాడతారు. ఒకరి పేరు ఒకరు చెబితేగాని లోపలికి రానివ్వరు. దొడ్డమ్మ బస్సు దిగి, వానలో నడుచుకుంటూ వెళ్ళి, ఆ వెదురు బొంగు ముందు నిలబడి, తలుపు దగ్గరి పాట ఎత్తుకుంది.

కర్రలు పట్టుకున్నవాళ్ళు మొదట నవ్వారు. ఒకడు బొంగుని కర్రతో టకటకా కొట్టాడు, వెటకారానికే. ఆవిడ ఆ దెబ్బనే తాళంగా తీసుకుంది. గొంతు వణుకుతోంది గాని శ్రుతి తప్పలేదు. మాస్టారు వెనక నుంచి క్లారినెట్టుతో సన్నగా అందుకున్నాడు. నన్ను మోచేత్తో పొడిచాడు. తాళాలు ఒకసారి మోగించాను. తప్పుగా మోగించానని అందరి మొహాలూ చెప్పాయి.

"ఏంటిది?" అన్నాడు నాయకుడు.

మాస్టారు వాళ్ళ భాషలో వివరించాడు. పెళ్ళికూతురి నానమ్మ. వాళ్ళ దేశంలో గుమ్మం దగ్గర ఆపితే ఇలా పాడతారు. పేరు చెబితే దారి వదలాలి, లేకపోతే పెళ్ళికి అశుభం.

ఆ కుర్రాడు కళ్ళు చికిలించి చూశాడు. వాడికి అనుమానం వచ్చిందని నాకు తెలిసిపోయింది. "అయితే చెప్పమనండి. పెళ్ళికొడుకు పేరేంటి?"

మాస్టారి చేతిలో క్లారినెట్టు ఆగిపోయింది. పెళ్ళికొడుకు పేరు దొడ్డమ్మకి తెలీదు. నాకూ తెలీదు. మాస్టారు అందిస్తే వాళ్ళు పట్టేస్తారు. కర్రలు పట్టుకున్న చేతులు ఇంకా కిందికి దిగలేదు.

దొడ్డమ్మ తల దించుకుంది. మొహం ఎర్రబడింది. నిజంగా, పెళ్ళికూతురికి ఎర్రబడినట్టు. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక పేరు చెప్పింది.

మా పెదనాన్న పేరు.

మా ఇళ్ళలో ఆ తరం ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. ఓటు వెయ్యడానికి వెళ్ళినా పక్కనున్నవాళ్ళు చెప్పాల్సిందే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పేరు ఆవిడ నోట రాలేదు. ఆయన పోయాకా రాలేదు. అదే మొదటిసారి, అదే ఆఖరుసారి, నేను విన్నంతవరకు. అస్సాం వానలో, ఎవరో కర్రలవాడి ముందు.

ఆ కుర్రాడు ఆవిడ మొహం చూశాడు. అది అబద్ధం చెప్పే మొహం కాదు. అబద్ధం కాదు కూడా. వాడు నవ్వకుండా పక్కకి జరిగి, బొంగు ఎత్తమని చేత్తో సైగ చేశాడు.

కొండదారి అంతా పొగమంచు. మలుపు మలుపుకీ బస్సు మూలిగేది. దొడ్డమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది, నిద్రపోలేదు. నేను "తప్పుగా అన్నాను పొద్దున" అన్నాను. "ఏమన్నావ్?" అంది. అంతే, ఆ విషయం అక్కడితో సరి.

షిల్లాంగులో దిగేసరికి ఏడు కావస్తోంది. మేళం పెళ్ళిపందిరి వైపు, మేము, నా ఒంటి మీది ఎర్ర కోటు విప్పకుండానే, ఎదురెక్కుడు సందుల్లోకి. హాలు ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. నేల అదురుతోంది. ఆ అదురు పట్టుకుని వెళ్ళాం. దొడ్డమ్మ నా భుజం పట్టుకుని ఆయాసంతో ఎక్కుతోంది. "ఆగకు" అంటోంది. నేను ఆగుతున్నాను. "ఆగకంటున్నానా!"

హాలు గేటు మూసేశారు. జనం గేటు బయట కూడా నిండిపోయి, గొడుగుల కింద నిలబడి ఉన్నారు. గేటు దగ్గర గళ్ళ శాలువా కప్పుకున్న ఒకావిడ, అక్కడి ఖాసీ తెగ మనిషి, అందరికీ ఒకటే జవాబు, తల అడ్డంగా ఊపడం. నేను నా ఇంగ్లీషంతా ఖర్చు పెట్టాను. ఎంత దూరం నుంచి వచ్చామో చెప్పాను. చోటు లేదంది. ఎర్ర కోటు చూసి కాసింత జాలిపడినట్టుంది గాని చోటు లేదంది.

అప్పుడు ఆవిడ దొడ్డమ్మని చూసింది. తడిసి ముద్దైన చీర, వణుకుతున్న పెదాలు. ఏదో గొణుక్కుంటూ గేటు మనిషి పట్టేంత తెరిచి, దొడ్డమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. నేను వెంట దూరబోతే అరచెయ్యి నా ఛాతీకి ఆనించింది. ఒక్కరే.

"వాడండీ! నేను కాదు, వాడు! వాడి కోసం!" దొడ్డమ్మ తెలుగులోనే అరుస్తోంది. చెయ్యి విడిపించుకుని బయటికి రాబోతోంది. గేటు ఊచ పట్టుకుంది. నేను ఆ వేళ్ళ మీద నా చెయ్యి వేశాను.

త్యాగం చేశానని రాయాలని ఎంతో ఉంది. అలాంటి ఆలోచనేమీ లేదు నాకు. లోపల నా పాట మొదలైంది. నాకు ఎంతో ఇష్టమైన పాట. ఎవరో ఒకరు దాన్ని చూడాలి, అంతే. "వెళ్ళు దొడ్డమ్మా, నువ్వు చూడు. నాకు చెప్పాలి. అంతా చెప్పాలి" అన్నాను. ఆవిడ నన్ను ఒక క్షణం చూసింది. ఊచ వదిలేసింది. తలుపులోంచి పసుపు వెలుగు ఒకసారి బయటికి పడి, మూసుకుపోయింది.

ఆ తర్వాత టీ కొట్లో కూర్చుని చెప్పింది. "నలుగురూ ఉన్నారు. డ్రమ్ములాయన అలక తీరింది. పాడే అబ్బాయి మరీ సన్నంరా, ఇంట్లో నెయ్యి వెయ్యరేమో. గుండెల్లో బస్తాలు దొర్లిస్తున్నట్టుంది నాకైతే. ఒక పిల్ల తన కుర్చీ నాకిచ్చింది. కూర్చోలేదు, కనపడదని కుర్చీ ఎక్కి నుంచున్నాను. చివర్న దీపాలన్నీ తీసేశారు. వాయిద్యం ఆపేశారు. జనమే పాడారు. నాకు రాదుగా, నేను గోవిందా అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు."

"ఏడ్చావా?"

"ముందు నీ కోసం ఏడ్చాను. తర్వాత వాళ్ళ కోసం. ఆ తర్వాత ఎవరి కోసమో తెలీలేదు."

ఊరికొచ్చాక కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు చేసినట్టే సమారాధన చేసింది. బంధువులతో పాటు నా కాలేజీ స్నేహితుల్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టి వడ్డించింది. వాళ్ళు "కచేరీ ఎలా ఉంది మామ్మగారూ?" అని గుసగుసగా అడిగితే, "మావాడు లేకపోతే దర్శనమే లేదు" అని బూరెలో నెయ్యి పోసింది. ఆ మాటతో నేను ఇన్నేళ్ళూ బతికేశాను. "చూశాను" అని నేనెప్పుడూ అనలేదు, "వెళ్ళాను" అన్నాను. మిగతాది వాళ్ళే అనుకున్నారు. కుర్చీ, గోవిందా తప్ప అన్నీ ఆవిడ చెప్పినట్టే చెప్పాను. ఇప్పుడు ఆవిడ లేదు. ఇక నాకు చెప్పేవాళ్ళు లేరు, నన్ను కాపాడేవాళ్ళూ లేరు.

అందుకని ఒప్పేసుకుంటున్నాను. జులపాలవారి ఆఖరి కచేరీ నడుస్తున్నంతసేపూ నేను చేసిన పని ఒక్కటే. ఊచ వదిలేసి హాల్లోకి వెళ్ళబోతూ దొడ్డమ్మ, ఏ గుమ్మం ముందైనా చేసినట్టే, వంగి చెప్పులు విప్పి గేటు సందులోంచి బయట వదిలింది. నేను వాటిని తీసి, తడవకుండా ఎర్ర కోటు లోపల పెట్టుకుని, బొత్తాములు వేసుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల డ్రమ్ము మోగినప్పుడల్లా నా ఛాతీ మీద ఆ చెప్పులు అదిరాయి.